నాలుగు నాబ్‌లూ చివరిదాకా: బాస్ హెచ్ఎం-2డబ్ల్యూ పెడల్, ఒక స్కూల్ బ్యాండ్

గిటార్ చప్పుడుని మార్చే, కాలితో తొక్కే చిన్న డబ్బా ఈ పెడల్. అది వచ్చాక ఇంట్లో ఎవరూ లేని రోజు చూసుకుని పెట్టె విప్పాను. గిటార్ నుంచి ఒక కేబుల్ దీన్లోకి, దీన్నుంచి ఇంకోటి ఆంప్‌లోకి, అంటే గిటార్ మోతని పెంచి వినిపించే పెట్టెలోకి. ముందువైపు నాలుగు చిన్న నాబ్‌లు: లెవెల్, కలర్ మిక్స్ కింద ఎల్ (లో), హెచ్ (హై) అని రెండు, చివర డిస్ట్, అంటే శబ్దాన్ని నలగ్గొట్టే డిస్టార్షన్. నాలుగూ ఇక తిరగమని మొరాయించేదాకా కుడికి తిప్పేసి, కాలితో తొక్కి, అన్నిటికన్నా లావు తీగని ఒక్కసారి మీటాను. కోత మిల్లులో దుంగ వెళ్ళి రంపానికి ఆనుకున్న చప్పుడు. కిటికీ అద్దం సన్నగా వణికింది. నలభై ఆరేళ్ళ మనిషిని, గది మధ్యలో ఒక్కణ్ణే నిలబడి ఇకిలిస్తున్నాను.

ఇదే చప్పుడు మొదటిసారి విన్నప్పుడు మాత్రం క్యాసెట్ పాడైందనుకున్నాను.

అప్పుడు మేం తొమ్మిదో తరగతి. మాకో బ్యాండ్ ఉండేది, లేదా ఉందని మేం అనుకునేవాళ్ళం. నలుగురం: డ్రమ్మర్, పాడేవాడు, బేస్ గిటార్ వాయించే బేసిస్ట్, గిటార్‌తో నేను. బ్యాండ్ పేరు ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు. లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో ముళ్ళకంపలా అక్షరాలు గీసి రాసుకున్న పేరది. బేసిస్ట్ వాళ్ళ చెల్లి అది చూసి, "ఈ ఎండిపోయిన చెట్టు బొమ్మ ఎవరు వేశారు?" అని అడిగింది. మేం చాలా సంతోషించాం. మెటల్ బ్యాండ్ పేరు చదవడానికి రాకూడదని మాకప్పటికే తెలుసు.

ఆ క్యాసెట్ డ్రమ్మర్ వాళ్ళ అన్నయ్య స్నేహితుడి దగ్గర్నుంచి వచ్చింది. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. ప్లే నొక్కితే గిటార్ వినపడదు, ఏదో యంత్రం తిరుగుతున్నట్టు ఉంటుంది. హెడ్‌కి మురికి పట్టిందేమోనని దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. అదే చప్పుడు. టేపు వదులైందేమోనని రీలు కన్నంలో పెన్సిల్ దూర్చి తిప్పాను. అదే. రెండో వైపు వేశాం, అక్కడా అదే. చివరికి డ్రమ్మర్ నెమ్మదిగా అన్నాడు: "ఒరేయ్, వాళ్ళు కావాలనే అలా వాయిస్తున్నారేమో రా." ఆ మాట నాకు ఎక్కడానికి ఒక వారం పట్టింది. ఎక్కాక మళ్ళీ దిగలేదు.

వాళ్ళు ఎన్‌టూమ్డ్ అనే బ్యాండ్. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ కుర్రాళ్ళు. వాళ్ళ గురించి చదివింది ఎన్నో ఏళ్ళ తర్వాత. చదివాక తెలిసిందేమిటంటే, ఆ రాక్షసుల వయసు మాకన్నా పెద్ద ఎక్కువేం కాదు. 1987లో నిహిలిస్ట్ అన్న పేరుతో మొదలైంది వాళ్ళ కథ. డ్రమ్మర్ నికె ఆండర్సన్ 1972లో పుట్టాడు. అంటే బ్యాండ్ పెట్టేనాటికి బడి వయసు. గిటారిస్ట్ అలెక్స్ హెల్లిడ్‌దీ దాదాపు అదే వయసు. ఇంకో గిటార్‌కి ఊఫె సెడర్‌లుండ్, గొంతుకి ఎల్.జి. పెట్రోవ్. మూడు డెమో క్యాసెట్లు చేశారు. అవి పోస్టులో దేశాలు దాటి, చేతులు మారి, మాకు వచ్చిందానిలాగే కాపీకి కాపీ అవుతూ తిరిగాయి. 1989 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో తోమస్ స్కోగ్స్‌బెర్గ్ దగ్గర మొదటి ఆల్బమ్ రికార్డ్ చేశారు. అది 1990లో లెఫ్ట్ హ్యాండ్ పాథ్ అన్న పేరుతో వచ్చింది. రికార్డ్ చేసేనాటికి ఆండర్సన్‌కీ పెట్రోవ్‌కీ పదిహేడు.

బ్యాండ్‌లో ఎక్కువ పాటలు కట్టింది డ్రమ్మర్ ఆండర్సనే. ఈ ముక్క మా డ్రమ్మర్‌కి చెప్పకుండా ఉండాల్సింది. "అప్పుడే చెప్పాను, పాటలు నేను రాస్తానని. విన్నారా?" అని ఇప్పటికీ అంటున్నాడు.

ఇక వాళ్ళ ఆ చప్పుడు పుట్టిన పెడల్ దగ్గరికి వద్దాం. బాస్ అనేది జపాన్ కంపెనీ రోలండ్ వాళ్ళ బ్రాండ్. (ఈ రివ్యూలో బాస్ అంటే ఆ బ్రాండ్, బేస్ అంటే నాలుగు తీగల గిటార్. కలిపి చదివితే బాధ్యత నాది కాదు.) హెచ్ఎం-2 హెవీ మెటల్ అన్న పేరుతో 1983లో వచ్చింది. నల్ల డబ్బా, నారింజ రంగు అక్షరాలు. కొన్నేళ్ళు జపాన్‌లో, తర్వాత తైవాన్‌లో తయారైంది. పెద్ద పెద్ద ఆంప్‌లు గోడలా పేర్చుకుంటే వచ్చే మోతని కాలి కింద పెట్టుకోవచ్చన్నది ఆలోచన. ఆ పని అది సరిగ్గా చేయలేదు. గోడలా పేర్చిన ఆంప్‌లు ఇలా మోగవు. 1991లో తయారీ ఆపేశారు, ఆ ఏడాదే మెటల్ జోన్ అనే ఇంకో పెడల్ తెచ్చారు. అంటే ఏ ఆల్బమ్ వల్ల ఈ డబ్బాకి అంత పేరొచ్చిందో అది బయటికొచ్చిన మరుసటి ఏడాదే దీని కథ ముగిసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళపాటు పాతవాటి కోసం జనం వెతుక్కున్నారు, సెకండ్‌హ్యాండ్ ధర కొండెక్కింది. చివరికి బాస్ వాళ్ళే వాజా క్రాఫ్ట్ వరుసలో మళ్ళీ తెచ్చారు. అదే హెచ్ఎం-2డబ్ల్యూ. వాజా అంటే జపనీస్‌లో నేర్పు, పనితనం.

దీన్ని మెటల్ వాళ్ళే వాడారనుకోకండి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ కూడా ఎనభైల్లో వాడాడు. అదే డబ్బాతో ఆయన ఎంత మెత్తగా వాయించాడో వింటే, తప్పు నాబ్‌లది కాదు, తిప్పే చేతులదని తెలుస్తుంది. స్టాక్‌హోమ్ పిల్లలు ఆ నాబ్‌లని అడ్డూ ఆపూ లేకుండా తిప్పారు. నాలుగు నాబ్‌లూ చివరిదాకా తిప్పేసి, చిన్న ఆంప్‌లో పెట్టి వాయించే పద్ధతి నిహిలిస్ట్‌లో గిటార్ వాయించిన లెఫ్ కుజ్‌నర్‌దని చెప్తారు. ఆల్బమ్ నాటికి అతను బ్యాండ్‌లో లేడు. 2006లో పోయాడు. ఎన్ని వందల బ్యాండ్‌లు ఈరోజు అతని సెట్టింగ్ మీద బతుకుతున్నాయో!

నాబ్‌లన్నీ ఎందుకు తిప్పేశాడంటే నా దగ్గర ఒక జవాబుంది, పుస్తకాల్లోది కాదు, నా అనుభవం. పదిహేనేళ్ళవాడికి ఏ వస్తువైనా చేతికొస్తే దాన్ని చివరిదాకా తిప్పి చూడటం ఒక్కటే తెలుసు. సగంలో ఆపడం తర్వాత నేర్చుకుంటాం, నేర్చుకున్నాక కొన్ని చప్పుళ్ళు మనకిక దొరకవు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొనాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. మామూలు డిస్టార్షన్ పెడల్‌కి టోన్ అని ఒక్క నాబ్ ఉంటుంది. ఎడమకి తిప్పితే మొద్దు, కుడికి తిప్పితే పదును. ఇది అలా కాదు. ముందు శబ్దాన్ని బాగా నలగ్గొట్టి, తర్వాత అందులో కొన్ని చోట్లని మాత్రం పట్టుకుని పైకి లేపుతుంది. ఎల్ నాబ్ 87 హెర్ట్‌జ్ చుట్టుపక్కల పనిచేస్తుంది, అంటే ఛాతీలో తగిలే చోట. హెచ్ నాబ్ ఒకేసారి రెండు చోట్ల లేపుతుంది, సుమారు 960, 1280 హెర్ట్‌జ్ దగ్గర. రంపం ఉన్నది అక్కడే. మెటల్ వాయించేవాళ్ళలో చాలామంది ఆంప్‌లో మిడ్ నాబ్‌ని, అంటే మరీ మందంగానూ మరీ సన్నగానూ కాని మధ్య శబ్దాలదాన్ని, సున్నాకి దించేసి, అదేదో ఘనకార్యంలా చూస్తారు. నేనూ దించేవాణ్ణి. ఈ పెడల్ సరిగ్గా ఆ మిడ్‌నే పట్టుకుని మొహాన కొడుతుంది.

అందుకే గదిలో ఒక్కరే వాయించి తీర్పు చెప్పకండి. మొదటి సాయంత్రం నవ్వాను గానీ, రెండో సాయంత్రం అనుమానం వచ్చింది. ఒంటరిగా వింటే రేకు డబ్బాలో తేనెటీగలు. మూడు తీగలు కలిపి మోగించే కార్డ్ పట్టుకుంటే ఏ స్వరం ఏదో తెలీదు, అంతా పచ్చడి. మైనర్, మేజర్ తేడా పోతుంది. అరచేయి తీగల మీద ఆనించి టకటకా కొట్టే రిఫ్‌లు, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ ముక్కలు, ఇందులో మెత్తబడిపోతాయి. గట్టిగా, పొడిగా, తెగినట్టు ఉండే ఈ కాలపు మెటల్ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఇది మీకోసం కాదు. తీగల్ని బాగా కిందికి ట్యూన్ చేసి, ఒక్క తీగ మీద పిక్‌ని (తీగ మీటే చిన్న బిళ్ళని) కిందకీ పైకీ ఆపకుండా ఊపుతూ వాయిస్తే మాత్రం దీని అసలు పని మొదలవుతుంది. ఒక్కో స్వరం తర్వాతి స్వరాన్ని ఒరుసుకుంటూ వెళ్తుంది. రెండు తీగల పవర్ కార్డ్ వరకు పరవాలేదు.

లెవెల్ నాబ్ గురించి ఒక మాట. "శబ్దం ఎంతుండాలన్నదే కదా, సగంలో పెడదాం" అనుకుంటారు. అలా పెడితే రంపం పళ్ళు సగం అరిగిపోతాయి. లెవెల్ పూర్తిగా తెరిస్తే ఆంప్ ముందు భాగం కూడా నలుగుతుంది, ఆ నలుగుడు కూడా చప్పుడులో భాగమే. ఆంప్ వాల్యూమ్ తగ్గించుకోండి, పెడల్‌ది కాదు. డిస్ట్ నాబ్ సున్నాలో పెట్టినా శబ్దం శుభ్రంగా ఉండదు, ఆశ పెట్టుకోవద్దు. నాలుగూ పైకెత్తాక వాయించడం ఆపిన మరుక్షణం బుస్సుమంటుంది. ఇంత నలగ్గొట్టే పెడల్ ఏదైనా బుసకొడుతుంది కాబట్టి దీని తర్వాత, వాయించడం ఆపగానే ఆ బుసని మూసేసే నాయిస్ గేట్ ఒకటి పెట్టుకోండి, లేదా పాట ఆగగానే గిటార్ వాల్యూమ్ చిటికెన వేలితో మూసేయడం అలవాటు చేసుకోండి. నాకు రెండోదే ఇష్టం.

చిన్న స్విచ్ ఒకటుంది: స్టాండర్డ్, కస్టమ్. స్టాండర్డ్ అంటే పాత పెడల్. ఒక పరిచయస్తుడి దగ్గర జపాన్‌లో తయారైన పాతది ఉంటే తెచ్చుకుని, రెండూ పక్కపక్కన పెట్టి, మా అబ్బాయిని మార్చమని నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నాలుగుసార్లు చెప్పమంటే రెండుసార్లు తప్పు చెప్పాను, అంటే చెప్పలేనట్టే. కస్టమ్‌లో కండ ఎక్కువ, కింది భాగం కాస్త బిగువుగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అదే నచ్చుతుంది. నేను రెండ్రోజులు దాంట్లో ఉంచి మళ్ళీ స్టాండర్డ్‌కి వచ్చేశాను. ముప్పై ఏళ్ళుగా చెవిలో ఉన్న చప్పుడిని బాగుచేసి ఇస్తామంటే నాకు వద్దు.

పాతదానికి ఇంకో తంటా ఉంది. దాన్ని అప్పటి ఏసీఏ రకం అడాప్టర్ కోసం చేశారు. ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్ పెడితే ఎర్ర లైటు నీరసంగా వెలుగుతుంది. కొత్తదానికి ఆ గొడవ లేదు, మామూలు 9 వోల్టుల అడాప్టర్ చాలు. బ్యాటరీ అయితే ముందున్న బొటనవేలి స్క్రూ వదులు చేసి మూత ఎత్తితే సరి. ఇన్‌పుట్‌లో కేబుల్ పెట్టి వదిలేస్తే వాయించకపోయినా బ్యాటరీ తాగేస్తుంది. ఇలాంటి పెడల్స్ అన్నీ అంతే, కొత్తవాళ్ళకి చెప్తున్నానంతే. డబ్బా ఇనప ముద్దలా గట్టిగా ఉంది. ఇది కొనకముందు నా దగ్గర ఇదే సర్క్యూట్‌ని నకలు కొట్టిన ప్లాస్టిక్ పెడల్ ఉండేది, కంపెనీ పేరెందుకులే. చప్పుడు నిజంగానే దగ్గర దగ్గరగా ఉండేది. ఎనిమిది నెలలకి, ఒక పాట మధ్యలో గట్టిగా తొక్కితే మూత కీలు విరిగి కాలి కింద పకపకలాడింది. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకుని చేత్తో నొక్కేవాళ్ళకి అలాంటిది సరిపోతుంది. వాజా వరుస ధర బాస్ మామూలు పెడల్స్ కన్నా ఎక్కువే, కానీ పాత జపాన్‌ది వెతుక్కుని కొనేదానికన్నా ఇదే మేలు.

ఇవన్నీ మాకప్పుడు లేవు. స్వీడన్‌లో పిల్లలకి మునిసిపాలిటీ నడిపే సంగీత పాఠశాలలుంటాయి, సాయంత్రాలు గడపడానికి యూత్ సెంటర్లుంటాయి, బ్యాండ్ ప్రాక్టీసుని కూడా ఒక చదువు కింద లెక్కేసి గది ఇచ్చే వయోజన విద్యా సంఘాలుంటాయి. ఆ దేశం నుంచి అన్ని బ్యాండ్‌లు ఎలా వచ్చాయో అర్థం చేసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, గదులు లెక్కపెడితే చాలు. మాకు గది ఇచ్చింది డ్రమ్మర్ వాళ్ళ నాన్న. నీళ్ళ మోటార్ ఉండే గది. మోటార్ వేసినప్పుడు ప్రాక్టీస్ ఆపాలి. పాడేవాడు ఆపేవాడు కాదు, మోటార్ శ్రుతికే అరిచేవాడు.

డ్రమ్ములు స్కూల్ పరేడ్‌లో వాడే సైడ్ డ్రమ్ ఒకటి, మిగతావి ఖాళీ నూనె డబ్బాలు. గిటార్ అకూస్టిక్, దాని పొట్టకి టేపుతో అంటించిన పికప్, అంటే మోతని కరెంటుగా మార్చే ముక్క. ఆంప్ లేదు. టేప్‌రికార్డర్ మైక్ సాకెట్‌లో గిటార్ వైరు పెట్టి, రికార్డ్, పాజ్ బటన్లు కలిపి నొక్కితే ఇయర్‌ఫోన్ సాకెట్‌లోంచి గిటార్ బయటికొస్తుందని నేనే కనిపెట్టాను, ప్రపంచంలో మొదటివాణ్ణని అనుకున్నాను కూడా. మైక్ కోసం చేసిన సాకెట్‌లో గిటార్ పెడితే అది మోయలేక నలిగిపోయి అరుస్తుంది. ఆ అరుపుని పాత రేడియో స్పీకర్‌కి కలిపాం. మా చెవులకి అది అచ్చం స్టాక్‌హోమే. ఎవరూ కాదని చెప్పే పరిస్థితి లేదు.

స్కూల్ వార్షికోత్సవంలో మాకు ఒక పాటకి అవకాశం వచ్చింది. టేప్‌రికార్డర్ వైరు మైక్‌సెట్‌కి కలిపాం. మొదలుపెట్టిన పది సెకండ్లకి మైక్‌సెట్ ఆయన స్టేజీ ఎక్కాడు. నా పక్కకి వచ్చి, పాట మధ్యలోనే, "బాబూ, ఎక్కడో వైర్ లూజుంది, గర్రుమంటోంది" అన్నాడు. తల అడ్డంగా ఊపాను, చేతులు ఖాళీ లేవు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో జాక్ కదిపి చూశాడు. వైరు మార్చాడు. నా వైపు చూసి బొటనవేలు పైకెత్తాడు. అదే చప్పుడు. ఇంకో వైరు తెచ్చాడు. మేం వాయిస్తూనే ఉన్నాం, ఆయన రిపేరు చేస్తూనే ఉన్నాడు. పాట అయ్యాక కిందికి దిగి హెడ్మాస్టర్ దగ్గరికెళ్ళి, "సార్, పిల్లల తప్పేం లేదు, నా సామాన్లోనే ఏదో పోయింది" అన్నాడు. నిజం చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. హెచ్ఎం-2డబ్ల్యూ పెట్టె మీద హెవీ మెటల్ అని చక్కగా అచ్చేసి ఉండటం చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఆయన వెతికిన తప్పు ఇదే, ఇప్పుడు వారంటీతో అమ్ముతున్నారు.

ఆ బ్యాండ్ ఎలా పోయిందో కూడా చెప్తాను. పదో తరగతిలో ఒక కొత్త అబ్బాయి చేరాడు. వాడి దగ్గర నిజమైన ఆంప్ ఉంది. బేస్ కూడా ఉంది. మా బేసిస్ట్ వాయించేది గిటార్‌కి పైరెండు తీగలు తీసేసి, మిగతా నాలుగింటినీ వేలాడేదాకా వదులు చేసింది. వాణ్ణి పొమ్మని ఎవరు చెప్పాలి? ఎవరం చెప్పలేదు. "పరీక్షలొస్తున్నాయి కదా, బ్యాండ్ ఆపేద్దాం" అన్నాం, నలుగురం ఒప్పుకున్నాం. రెండు వారాలకి ముగ్గురం, కొత్త అబ్బాయి, కొత్త పేరుతో మోటార్ గదిలో మళ్ళీ మొదలుపెట్టాం. ఒక సాయంత్రం మా పాత బేసిస్ట్ సైకిల్ మీద ఆ రోడ్డున వెళ్తూ విన్నాడు. ఆగాడని, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడని తర్వాత డ్రమ్మర్ వాళ్ళమ్మ చెప్పింది. కొత్త అబ్బాయి రెండు నెలల్లో వాళ్ళ నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోయాడు, ఆంప్‌తో సహా.

నిహిలిస్ట్ ఎలా ముగిసిందో చదివినప్పుడు పేజీ మూసేశాను. 1989లో బేసిస్ట్ జానీ హెడ్‌లుండ్‌కీ మిగతావాళ్ళకీ పడక బ్యాండ్ రద్దయింది. కొద్ది రోజులకే మిగతావాళ్ళు ఎన్‌టూమ్డ్ అన్న కొత్త పేరుతో మళ్ళీ కలిశారు. లోపల ఏం జరిగిందో వాళ్ళకే తెలుసు, మాలాంటి పిరికితనం వాళ్ళకి అంటగట్టను. హెడ్‌లుండ్ ఏడుస్తూ కూర్చోలేదు, అన్‌లీష్డ్ అనే సొంత బ్యాండ్ పెట్టుకుని దశాబ్దాల పాటు నడిపాడు. మొదటి ఆల్బమ్‌కి ఎన్‌టూమ్డ్‌లో బేసిస్టే లేడు, ఆండర్సన్, సెడర్‌లుండ్ పంచుకుని వాయించారు. పెట్రోవ్‌ని కూడా మధ్యలో ఒకసారి బయటికి పంపి, మళ్ళీ తెచ్చుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత పేరు మీద మళ్ళీ గొడవలు వస్తే ఆయన ఎన్‌టూమ్డ్ ఎ.డి. అని పెట్టుకుని పాడాడు. 2021 మార్చిలో క్యాన్సర్‌తో పోయాడు, నలభై తొమ్మిదేళ్ళకి. ఆ వార్త వచ్చిన రోజు మా డ్రమ్మర్ నుంచి ఫోన్ వచ్చింది. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు.

పెడల్ కొన్నాక దాన్ని డ్రమ్స్‌తో కలిపి వినాలనిపించింది. అలా వినకుండా రివ్యూ రాస్తే అబద్ధమవుతుంది. గంటల లెక్కన అద్దెకిచ్చే ప్రాక్టీస్ గది ఒకటి తీసుకుని డ్రమ్మర్‌నీ, పాడేవాణ్ణీ పిలిచాను. బేసిస్ట్‌కి ఫోన్ చేయడానికి మూడు రోజులు పట్టింది. ఎత్తాడు. విషయం చెప్పాను. కాసేపు ఆగి, "అంటే నీకు ఇప్పటికి సౌండ్ దొరికిందన్నమాట" అన్నాడు. వస్తావా అన్నాను. "పరీక్షలేమైనా ఉన్నాయేమో చూసి చెప్తాను" అన్నాడు.

వచ్చాడు. నిజమైన బేస్‌తో వచ్చాడు. పిక్ పట్టుకునే వేలి మీద కాయ కాసి ఉంది. మా నలుగురిలో ఆపకుండా వాయిస్తూ వచ్చింది వాడొక్కడే.

డ్రమ్స్ మొదలయ్యాక ఈ పెడల్ ఏమిటో తెలిసింది. ఇంట్లో రేకు డబ్బాలో తేనెటీగల్లా వినపడిన చప్పుడు, సింబల్స్ చప్పుడికి కిందా, కాలితో కొట్టే పెద్ద కిక్ డ్రమ్‌కి పైనా ఖాళీగా ఉన్న చోట సరిగ్గా వెళ్ళి కూర్చుంది. హెచ్ నాబ్ లేపే ఆ మిట్టలు, డ్రమ్మర్ ఎంత బాదినా మునగలేదు. నేను మామూలుగా వాడే డిస్టార్షన్ పెడల్‌కి మారి చూశాను, ఒంటరిగా దీనికన్నా వంద రెట్లు బాగుంటుంది, అక్కడ అసలు వినపడలేదు. ఇంట్లో నచ్చక తిరిగి పంపేసేవాళ్ళు చాలామంది ఉంటారు. పంపేముందు ఒక్కసారి డ్రమ్మర్‌తో వాయించండి. ఒక ఇబ్బంది: గొంతు కూడా ఆ చోటులోనే ఉంటుంది. గొంతు నుంచి గుర్రుమని అరిచేవాడికి పరవాలేదు, మావాడు మధ్యలో నిజంగా పాడబోతే ఒక్క మాట బయటికి రాలేదు. అదీ ఒకందుకు మంచిదే.

గంట అయ్యాక బేసిస్ట్ వంగి నా కేబుల్ పీకి తన బేస్ పెట్టుకున్నాడు. నాలుగూ ఫుల్‌లో ఉన్న నాబ్‌లని ఒకసారి చూసి, హెచ్ సగానికి, డిస్ట్ ఇంకా కిందికి దించాడు, ఎల్‌ని మాత్రం అలాగే ఉంచాడు. తొక్కాడు. డిస్టార్షన్ పెడల్‌లో బేస్ పెడితే సాధారణంగా కింది బరువు పోయి కీచుమంటుంది. ఎల్ నాబ్ ఉండటం వల్ల ఇక్కడ బరువు పోలేదు, బరువుకి పళ్ళు వచ్చాయి. నేల మీద పెట్టిన నా నీళ్ళ సీసా దానంతటదే జరుగుతూ వెళ్ళి గోడకి తగిలింది. బేస్ వాయించేవాళ్ళు దీన్ని గిటార్ వాళ్ళకి వదిలేయకండి, నిజానికి నాకన్నా వాడి చేతిలోనే బాగుంది.

పాట ఆగింది. గదంతా బుస్సుమంటోంది. బేసిస్ట్ సీరియస్‌గా మొహం పెట్టి నా వైపు చూశాడు. "ఒరేయ్, ఎక్కడో వైర్ లూజున్నట్టుంది, చూడు."

వెళ్ళేటప్పుడు పెడల్‌ని తన సంచిలో వేసుకున్నాడు, వారంలో ఇస్తానన్నాడు. రెండున్నర నెలలైంది. నేనూ అడగలేదు. కాబట్టి రోజూ తొక్కితే ఎన్నాళ్ళు మన్నుతుందో తెలియాలంటే వాణ్ణే అడగాలి. నేను ఇంకోటి ఆర్డర్ పెట్టాను.